వెనుదిరగని గొంతు: మీనా కవిత, అఫ్ఘాన్ మహిళా ఉద్యమ వాఙ్మయం

మీనా కిష్వర్ కమాల్ 1956లో కాబూల్‌లో జన్మించారు. 1987 ఫిబ్రవరి 4న పాకిస్తాన్‌లోని క్వెట్టా నగరంలో హత్యకు గురయ్యారు. ముప్పయ్యేళ్ల ఆ జీవితంలో ఆమె నెలకొల్పిన సంస్థ ఒకటి, పత్రిక ఒకటి. సంస్థ పేరు దరీ భాషలో 'జమియతె ఇంఖిలాబీయె జనానె అఫ్ఘానిస్తాన్', అంటే అఫ్ఘాన్ మహిళల విప్లవ సంఘం. 1977లో ప్రారంభమైన ఈ సంఘం ఆంగ్ల నామంలోని తొలి అక్షరాల కూర్పుతో 'రావా'గా ప్రపంచానికి పరిచితమైంది. పత్రిక పేరు 'పయామె జన్', అంటే స్త్రీ సందేశం. అది 1981లో వెలువడింది. కవయిత్రిగా ఆమె గుర్తుండిపోయింది మాత్రం ప్రధానంగా ఒకే కవితతో. 'హర్గిజ్ బర్ నమీ గర్దమ్' అన్న ఆ దరీ కవిత పత్రిక తొలి సంచికలో అచ్చయి, తరువాతి కాలంలో అనేక భాషల్లోకి వెళ్లింది.

అయితే కవిత వ్యాప్తి పెరిగినకొద్దీ దానికీ, దాని వెనుకనున్న రాజకీయ వైఖరికీ ఎడం పెరిగింది. 2001 తరువాత ఈ కవితను ముసుగు తొలగించుకున్న స్త్రీ ప్రకటనగా చదవడం పరిపాటి అయింది. కవితలో ముసుగు ప్రస్తావన ఒక్కచోట కూడా లేదు. లేని ముసుగు పాఠకుల కంటికి ఎందుకు కనబడింది, ఉన్న శత్రువు ఎందుకు కనబడకుండా పోయాడు అన్నవి సాహిత్య విమర్శ అడగవలసిన ప్రశ్నలే. తనను విముక్తి చేస్తామని వచ్చినవారిని కూడా నిరాకరించే స్వరం ఈ కవితది. రావా వాఙ్మయమంతటికీ అదే మూలస్వరం. ఆ స్వరం స్వభావాన్ని, దాని పరిమితులను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పైనుంచి దిగిన విముక్తి

అఫ్ఘానిస్తాన్‌లో స్త్రీల ప్రశ్న చాలాకాలం పాలకుల చేతిలోనే ఉంది. అమానుల్లా ఖాన్ పాలనలో, 1921లో, తొలి మహిళా పత్రిక 'ఇర్షాద్-ఉన్-నిస్వాన్' వెలువడింది. రాణి సొరయా బాలికల చదువును ప్రోత్సహించింది. 1929లో అమానుల్లా సింహాసనం కోల్పోవడానికి దారితీసిన తిరుగుబాట్లలో ఈ సంస్కరణల మీది ఆగ్రహం కూడా ఒక ఆయుధంగా పనికొచ్చింది. 1964 రాజ్యాంగం స్త్రీలకు ఓటుహక్కు ఇచ్చింది. మరుసటి ఏడాది ఏర్పడిన వామపక్ష మహిళా సంస్థకు నాయకత్వం వహించిన అనాహితా రాతెబ్‌జాద్, 1978 ఏప్రిల్ తిరుగుబాటుతో అధికారానికి వచ్చిన పార్టీలో ప్రముఖురాలు. ఇంత చరిత్రలోనూ కాబూల్ రాజభవనంతోనో పాలక పార్టీతోనో సంబంధం లేని మహిళా సంఘం ఒకటి నిలబడి మాట్లాడిన సందర్భాలు అరుదు. రావా ప్రత్యేకతను ఇక్కడినుంచే చూడాలి.

1978 అక్టోబరులో కొత్త ప్రభుత్వం ఏడవ శాసనాన్ని ప్రకటించింది. వధువు తరపువారికి చెల్లించే సొమ్మును 300 అఫ్ఘానీలకు పరిమితం చేయడం, పెళ్లికి కనీస వయస్సు ఆడపిల్లకు 16, మగపిల్లవాడికి 18 ఏళ్లుగా నిర్ణయించడం అందులోని ముఖ్యాంశాలు. కాగితం మీద చూస్తే ఏ మహిళా సంఘమైనా కోరుకునే విషయాలే. కాని గ్రామాల్లో ఈ సంస్కరణలు అరెస్టులతో, బలప్రయోగంతో కలిసి వచ్చాయి. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు ప్రవేశించాక స్త్రీ విముక్తి అన్న మాట పరదేశపు ట్యాంకుతో జతపడింది. అదే సమయంలో ప్రతిఘటనకు నాయకత్వం వహించిన ముజాహిదీన్ వర్గాలలో ఛాందసులు స్త్రీల చదువునే నాస్తికత్వ చిహ్నంగా చూపారు. ఒకవైపు స్త్రీల పేరు చెప్పి దేశాన్ని ఆక్రమించినవారు, మరొకవైపు దేశం పేరు చెప్పి స్త్రీలను నిర్బంధించేవారు. ఈ రెంటి నడుమ చోటు వెతుక్కోవడం రావా రాజకీయం. మీనా కవిత పుట్టిన నేల ఇదే.

ఈ నేపథ్యం తెలిస్తే 1981 నాటి ఒక సంఘటనకు అర్థం స్పష్టమవుతుంది. ఆ ఏడు ఫ్రాన్స్‌లోని వాలెన్స్‌లో జరిగిన సోషలిస్టు పార్టీ మహాసభకు మీనా ఆహ్వానితురాలిగా వెళ్లారు. ఆమె వేదిక మీదనుంచి విజయ సంకేతంగా చేయి పైకెత్తినప్పుడు సోవియట్ ప్రతినిధి వర్గం సభనుంచి నిష్క్రమించిందని రావా కథనం. తనను తాను విప్లవ సంఘంగా పిలుచుకున్న సంస్థ ప్రతినిధిని చూసి, విప్లవానికి ప్రపంచ కేంద్రంగా చెప్పుకున్న రాజ్యపు ప్రతినిధులు లేచిపోవడం కేవలం దౌత్యపరమైన అలక కాదు. 'ఇంఖిలాబ్' అన్న మాట ఎవరిదన్న తగాదా అది.

కవిత నిర్మాణం

కవిత స్వగతంగా మొదలై సంబోధనగా మారుతుంది. మాట్లాడేది ఒక స్త్రీ. తాను మేల్కొన్నానని చెబుతుంది. కాలిన ఊళ్లు, మరణించిన బిడ్డల బూడిద, సోదరుని రక్తం ఆమెను లేపిన కారణాలుగా వరుసగా వస్తాయి. బంగారు కంకణాలకు వీడ్కోలు పలుకుతుంది. గోరింట పండిన చేతులతో శోకవస్త్రాలు ధరించిన నవవధువులను, నిలువనీడ లేని పిల్లలను, స్వేచ్ఛను మింగే చెరసాల గోడలను తాను చూశానంటుంది. అక్కడినుంచి దేశవాసీ, సోదరా అని పిలిచి, తనను ఇకపై అబలగా చూడవద్దని, దేశ విముక్తి దారిలో తానూ నడుస్తున్నానని చెబుతుంది. తన దారి దొరికిందనీ, వెనుదిరగబోననీ చెప్పే పల్లవితో కవిత ముగుస్తుంది.

ఇందులో మొదట గమనించవలసింది వక్త తన స్త్రీత్వాన్ని ప్రకటించుకునే తీరు. దరీ భాషలో నామాలకు గాని సర్వనామాలకు గాని క్రియలకు గాని లింగభేదం లేదు. మాట్లాడేది స్త్రీ అని వినేవారికి తెలియాలంటే ఆ మాట విడిగా చెప్పాలి. అందుకే 'జన్' అన్న పదం కవిత ముఖద్వారంలోనే నిలిచి, పల్లవిలో మళ్లీ మళ్లీ వస్తుంది. హిందీలోకి ఈ కవితను తెస్తే క్రియే స్త్రీలింగాన్ని మోస్తుంది గనుక ఆ ప్రకటన కొంత పునరుక్తిగా మారుతుంది. పష్తోలో విశేషణాలకు లింగభేదం ఉండడం వల్ల అక్కడా పరిస్థితి కొంతవరకు ఇలాంటిదే. తెలుగు మాత్రం ఈ విషయంలో దరీకి దగ్గర. 'లేచాను', 'చూశాను' అన్న ఉత్తమపురుష క్రియలు లింగాన్ని పట్టించుకోవు.

తెలుగులో చదివేవారికి ఇంకొక విశేషం తోస్తుంది. తెలుగు వ్యాకరణంలో ప్రథమపురుష ఏకవచనంలో స్త్రీ అమహత్తుతో సమానం: 'ఆమె లేచింది', 'గాలి లేచింది'. బహువచనంలో మాత్రం మహత్తుతో చేరుతుంది: 'వారు లేచారు'. మహతీ వాచకాలకు లాక్షణికులు చెప్పిన ఈ ద్వంద్వ స్థితి ఈ కవితానువాదానికి అనుకోని అర్థాన్ని చేకూరుస్తుంది. ఇతరులు ఆమెను గురించి చెప్పే కథలో ఆమె వస్తువుల సరసన నిలుస్తుంది. తాను మాట్లాడినప్పుడు ఆ భేదం మాయమవుతుంది. వేలమంది స్త్రీలతో కలిసినప్పుడు వ్యాకరణమే ఆమెకు మహత్తు హోదా ఇస్తుంది. కవిత చివరి భాగంలో వక్త తన గొంతు వేలాది స్త్రీల గొంతుతో కలిసిందని చెప్పడంలో మూలకవికి ఈ ఉద్దేశం లేదు, ఉండదు. కాని అనువాదం మూలంలో లేని అర్థాన్ని లక్ష్యభాష లక్షణం నుంచి సంపాదించే సందర్భాలలో ఇదొకటి. (ఏకవచనంలో గౌరవం చూపదలచినప్పుడు 'ఆమె లేచారు' అని బహువచనాన్ని అరువు తెచ్చుకోవలసి రావడం కూడా ఈ చర్చలో భాగమే.)

శీర్షిక అనువాదం మరింత జాగ్రత్త కోరుతుంది. 'బర్ గష్తన్' అన్న క్రియకు తిరిగి రావడం, వెనక్కు మరలడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. ఆంగ్ల అనువాదాలు మొదటి అర్థాన్ని తీసుకున్నాయి. తెలుగులో 'ఎన్నటికీ తిరిగి రాను' అంటే ఇల్లు విడిచి వెళ్లేవారి మాటలా, మరణవాంగ్మూలంలా వినబడుతుంది. కవిత అచ్చయిన కాలంలో లక్షల సంఖ్యలో అఫ్ఘాన్లు సరిహద్దు దాటి పాకిస్తాన్, ఇరాన్ శిబిరాల్లో తలదాచుకుంటున్నారు. మీనా స్వయంగా ఆపై క్వెట్టా చేరి శరణార్థుల మధ్య పనిచేశారు. తిరిగి రావడమే కోరికగా బతికే ప్రజల కవితకు 'తిరిగి రాను' అన్న శీర్షిక పెట్టడం దాని నడ్డి విరవడమే అవుతుంది. పల్లవిలో క్రియకు ముందు దారి ప్రస్తావన ఉంది. కనుక మరలనిది దారినుంచి, దేశంనుంచి కాదు. 'వెనుదిరగను' అన్నదే సరైన అనువాదం.

బంగారు కంకణాల విషయంలోనూ తెలుగు పాఠకునికి ఒక చిక్కు ఉంది. చేతి గాజులు తీసివేయడం అంటే తెలుగు సమాజంలో వైధవ్య క్రతువు. అది స్త్రీకి ఇతరులు చేసేది. మీనా కవితలో వక్త తానై వీడ్కోలు చెబుతుంది. ఇక్కడ కంకణం సౌభాగ్య చిహ్నం కాదు, అలంకారం, ఆస్తి, కట్టుబాటు మూడూ కలిసిన వస్తువు. పక్కనే గోరింట చేతులతో శోకవస్త్రాలు ధరించిన వధువుల చిత్రం ఉండడం వల్ల రెండూ ఒకటేనన్న భ్రమ కలగవచ్చు. నిజానికి కవి వాటిని ఎదురెదురుగా నిలిపారు. వధువులకు జరిగింది యుద్ధం చేసింది. వక్త చేసింది ఆమె ఎంపిక. కవితలోని అత్యంత నిండైన ప్రతీకలు ఈ రెండే. మిగిలిన చోట్ల తుపాను, పిడికిలి, సంకెళ్లు వంటి ఉద్యమ కవిత్వపు సామాన్య సామగ్రితోనే పని సాగింది. కవితను ఆకాశానికెత్తే వ్యాసాలు ఈ వ్యత్యాసాన్ని చెప్పవు.

అజ్ఞాతం ఒక శైలి

మీనా పేరు ప్రపంచానికి తెలిసినా, ఆమె సంస్థలోని ఇతరుల పేర్లు తెలియవు. సభ్యులు మారుపేర్లతో పనిచేశారు. 'పయామె జన్' దరీ, పష్తో భాషల్లో రహస్యంగా చేతులు మారింది. శరణార్థి పిల్లలకు బడులు, క్వెట్టాలో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి నడిపారు. ఆ ఆసుపత్రికి పెట్టిన పేరు మలలై. 1880లో మైవంద్ యుద్ధభూమిలో వెనకడుగు వేస్తున్న అఫ్ఘాన్ యోధులను పాటతో నిలిపిందని జనశ్రుతి చెప్పే యువతి ఆమె. ఆ పాట లండై అన్న ఛందోరూపంలోదని చెబుతారు.

లండై పష్తూన్ స్త్రీల నోటి సాహిత్యం. రెండే పాదాలు, మొదటిదానికి తొమ్మిది, రెండవదానికి పదమూడు అక్షరాలు. కర్త పేరుండదు. ప్రేమ, వియోగం, ముసలి భర్త మీది ఏవగింపు, పోరు మీద ఉత్సాహం అన్నీ అందులో ఇమిడిపోతాయి. నీటిరేవు దగ్గర, పెళ్లిళ్లలో పాడే ఈ పదాలను ఎవరు కట్టారో అడిగితే పరువు సమస్య అవుతుంది గనుక కర్తృత్వ లోపమే స్త్రీకి కాపు. తెలుగు దంపుళ్ల పాటల్లో, తిరగలి పాటల్లో ఈ రక్షణ కొంత కనిపించినా, లండైలో అది ప్రాణాలకు సంబంధించినది. ఈ పదాలను సేకరించి ప్రపంచానికి పరిచయం చేసిన విద్వాంసుడు సయ్యద్ బహావుద్దీన్ మజ్రూహ్ మీనా మరణించిన మరుసటి ఏడాది, 1988లో, పెషావర్‌లో హత్యకు గురయ్యాడు. ప్రవాసంలో ఉన్న అఫ్ఘాన్ మేధావులకు ఆ దశకం ఎంత ప్రమాదకరమైనదో ఈ రెండు మరణాలు చెబుతాయి. మీనా హత్యకు అప్పటి కాబూల్ ప్రభుత్వ గూఢచారి సంస్థ ఖాద్, గుల్బుద్దీన్ హెక్మత్యార్ వర్గీయులు బాధ్యులని రావా ఆరోపిస్తూ వచ్చింది. ఈ కేసులో ఇద్దరికి 2002లో పాకిస్తాన్‌లో ఉరిశిక్ష అమలైంది.

మీనా కవిత దరీ వచనకవిత. దానికి లండైతో రూపబంధుత్వం లేదు. అయినా ఆమె సంస్థ అనుసరించిన అజ్ఞాత పద్ధతి లండై సంప్రదాయపు రాజకీయ రూపమనడం అతిశయోక్తి కాదు. పేరు దాచడం నోరు మూసుకోవడం కాదు. నోరు తెరవడానికి అది షరతు.

దీనికి అత్యంత తీవ్రమైన ఉదాహరణ 1999 నవంబరులో కాబూల్‌లోని ఘాజీ స్టేడియంలో చిత్రించిన దృశ్యం. భర్తను చంపిన నేరానికి ఒక మహిళకు తాలిబాన్ ప్రభుత్వం బహిరంగ మరణశిక్ష అమలు చేసింది. జనంలో కూర్చున్న రావా సభ్యులు చాద్రీ కింద దాచిన కెమెరాతో దాన్ని చిత్రించారు. స్త్రీని అదృశ్యం చేయడానికి ప్రభుత్వం నిర్బంధించిన వస్త్రమే ఇక్కడ సాక్షికి మాటు అయింది. చిత్రీకరణ అస్థిరంగా ఉంటుంది, గుడ్డ అడ్డుపడుతుంది, దూరం చాలా ఎక్కువ. ఆ లోపాలే దాని ప్రామాణికతకు ఆధారం. సాక్ష్య వాఙ్మయానికి సౌష్ఠవం ఉండనవసరం లేదన్న సూత్రానికి ఇంతకంటే నిదర్శనం దొరకదు. 'పయామె జన్'లోని ఉత్తమ భాగాలు కూడా ఈ రకానివే: ఊరు, తేదీ, ఏమి జరిగింది, ఎవరు చూశారు.

సంస్థ ప్రకటనల శైలి వేరు. అక్కడ ప్రతి శత్రువు పేరుకు ముందు రెండు మూడు విశేషణాలు తప్పవు. ద్రోహి, నేరస్థ, కీలుబొమ్మ వంటి మాటలు వరుసకట్టి వస్తాయి. ఏళ్ల తరబడి మారని ఈ పదజాలం చదువరిని అలసటకు గురిచేస్తుంది. నివేదికలో ఒక ఇంటి తలుపు ఎన్ని గంటలకు తట్టారో చెప్పిన కలం, ప్రకటనకు వచ్చేసరికి నినాదాల పెట్టె తెరుస్తుంది. ఉద్యమ పత్రికల్లో ఈ రెండు శైలులు పక్కపక్కనే ఉండడం కొత్తేమీ కాదు. తెలుగులోనూ సులభంగా ఉదాహరణలు దొరుకుతాయి.

ఎత్తిన ముసుగు, వదిలిన వాక్యం

2001 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నాటకకర్త ఈవ్ ఎన్‌స్లర్ నిర్వహించిన మహిళా కార్యక్రమంలో జోయా అన్న మారుపేరుతో ఒక రావా సభ్యురాలు వేదికనెక్కింది. బుర్ఖాలో వచ్చిన ఆమె ముసుగును ప్రఖ్యాత టెలివిజన్ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రీ పైకెత్తారు. ఆ తరువాత జోయా ప్రసంగించింది. అనేక వేలమంది ప్రేక్షకుల ముందు జరిగిన ఈ దృశ్యం ఆ కాలపు గాఢ స్మృతులలో ఒకటి. రావాకు అది తన దేశ పరిస్థితిని చెప్పే అవకాశం. రంగస్థల నిర్వాహకులకు అది నాటకీయ శిఖరం. రెండు ప్రయోజనాలూ ఒకేచోట కలిసిన మాట నిజమే గాని, స్మృతిలో మిగిలింది ఎత్తిన చేయి. చెప్పిన వాక్యం కాదు.

ఆ ఏడాదే సైరా షా రూపొందించిన 'బినీత్ ద వెయిల్' డాక్యుమెంటరీలో స్టేడియం దృశ్యం చోటుచేసుకుంది. సెప్టెంబరు 11 దాడుల తరువాత ఆ చిత్రం అమెరికా టెలివిజన్‌లో పదేపదే ప్రసారమైంది. నవంబరు 17న అమెరికా అధ్యక్షుని భార్య లారా బుష్ రేడియో ప్రసంగంలో ఉగ్రవాదంపై యుద్ధం స్త్రీల హక్కుల కోసం జరుగుతున్న పోరాటం కూడా అని చెప్పారు. సాక్షులు ప్రాణాలకు తెగించి తీసిన దృశ్యం ఇలా బాంబుదాడికి సమర్థన పత్రమైంది. రావా మాత్రం అక్టోబరులోనే అమెరికా దాడులను ఖండించింది. నవంబరులో ఉత్తర కూటమి కాబూల్‌ను వశం చేసుకున్నప్పుడు, 1992 నుంచి 1996 దాకా అదే వర్గాలు ఆ నగరంలో సాగించిన హింసను గుర్తుచేస్తూ వ్యతిరేకించింది. 'పయామె జన్' ఛాయాచిత్రాలను వాడుకున్నవారు ఈ ప్రకటనలను వాడుకోలేదు.

సిద్ధాంత విమర్శ ఈ సందర్భాన్ని వెంటనే పట్టుకుంది. వలసపాలకులు సతీసహగమన నిషేధాన్ని దేశీయ స్త్రీల ఉద్ధరణగా చెప్పుకున్న తీరును గాయత్రీ చక్రవర్తి స్పివాక్ 1980లలోనే విశ్లేషించారు. 2002లో మానవశాస్త్రవేత్త లీలా అబూ-లుఘోద్, ముస్లిం స్త్రీలను నిజంగా ఎవరైనా రక్షించవలసి ఉందా అన్న ప్రశ్నతో లారా బుష్ ప్రసంగాన్ని పరీక్షించారు. ఈ విశ్లేషణలు విలువైనవే. వాటిలో ఒక వెలితి ఉంది. రక్షకుడు అనగానే పాశ్చాత్య ఉదారవాదే వారి దృష్టిలో మెదిలాడు. అఫ్ఘాన్ స్త్రీలకు రక్షకుడు మొదట ఉత్తరంనుంచి, సోషలిస్టు భాషలో, 1979లో వచ్చాడు. మీనా కవిత ఆ రక్షకుడిని ఎదుర్కొన్న కవిత. 2001లో రావా చేసిన ప్రకటనలు ఇరవయ్యేళ్ల కిందటి ఆ పల్లవికి కొనసాగింపే తప్ప హఠాత్తుగా పుట్టిన అమెరికా వ్యతిరేకత కాదు. ఈ కాలక్రమాన్ని విస్మరిస్తే రావా వైఖరి మొండితనంగా కనిపిస్తుంది. అలా కనిపించింది కూడా.

కవిత తొక్కని గడప

మీనా కవితను విమర్శనాత్మకంగా చదివేవారు దాటలేని ప్రశ్న ఇంకొకటి ఉంది. మహిళా హక్కుల సంస్థ మూలకవితలో ఇల్లు ఎక్కడ? వక్త ఇంటినుంచి బయటికి వచ్చింది. ఆ ఇంటి లోపల ఏముందో చెప్పలేదు. భర్త లేడు, తండ్రి లేడు, అత్త లేదు. ఉన్న పురుషుడు సోదరుడు. అతడు మరణించాడు, లేదా దేశవాసిగా సంబోధితుడయ్యాడు. స్త్రీని అబలగా చూసే అతని దృష్టి మీద వక్తకు ఫిర్యాదు ఉంది గాని, ఆ ఫిర్యాదుకు పరిష్కారం అతనితో భుజం కలపడంలోనే దొరుకుతుంది.

1980ల తెలుగు స్త్రీవాద కవిత్వంతో పోల్చితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. విప్లవోద్యమ నేపథ్యం గల విమల రాసిన 'వంటిల్లు' కవిత ఇంటి లోపలికే వెళ్లి అక్కడి గిన్నెలను, పొగను, తరాల చాకిరీని లెక్కపెడుతుంది. అదే దశకంలో, 1986లో, స్త్రీ శక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోట, పోరాటం ముగిశాక మళ్లీ ఇంటికి పంపబడిన అనుభవాన్ని చెప్పించింది. అందులోని స్త్రీలు దారిలో వెనుదిరగలేదు. దారే వారిని వెనక్కి పంపింది. ఆ గ్రంథం చదివినవారికి మీనా కవితలోని సోదర సంబోధన మీద కొంత సందేహం కలగడం సహజం.

సందేహం సరైనదే అయినా తీర్పు తొందరపడకూడదు. 1981 నాటి అఫ్ఘానిస్తాన్‌లో ఇంటి విమర్శ ప్రభుత్వ భాషగా మారిపోయింది. ఏడవ శాసనం పెళ్లినీ వధువు ధననూ చర్చకు తెచ్చి, ఆ చర్చను ఆక్రమణతో ముడిపెట్టింది. ఇంటి గురించి మాట్లాడే స్త్రీని ఒక పక్షం తమ మనిషి అనుకుంటుంది, మరొక పక్షం శత్రువు మనిషి అంటుంది. కవి ఆ గడప తొక్కకపోవడం వెనుక అవగాహనా లోపం కంటే పరిస్థితి ఒత్తిడే ఎక్కువ. రావా నడిపిన అక్షరాస్యతా తరగతుల్లో, ఆసుపత్రిలో ఇంటి హింస రోజూ ఎదురైన విషయమే. ఆచరణలో ఉన్నది కవితలోకి రాకపోవడం చారిత్రక నష్టం. దాన్ని కవి వైఫల్యమని పిలవడం కష్టం.

సంస్థకూ వామపక్షానికీ గల సంబంధం దీనితో ముడిపడినదే. మీనా భర్త ఫైజ్ అహ్మద్ మావోయిస్టు ధోరణి గల అఫ్ఘానిస్తాన్ విమోచన సంస్థ నాయకుడు. మీనా మరణానికి కొద్ది నెలల ముందు, 1986లో, ఆయనా హత్యకు గురయ్యాడు. దీన్ని పట్టుకొని రావాను ఆ సంస్థ ముసుగుగా చిత్రించినవారున్నారు. రావా తన స్వతంత్రతను గట్టిగా చెప్పుకుంది. రావా మీద వచ్చిన గ్రంథాలలో మీనా జీవితచరిత్రగా 2003లో మెలొడీ ఎర్మాచైల్డ్ చావిస్ రాసినది వీరగాథ ధోరణిలో సాగింది. అదే ఏడాది ఆన్ బ్రాడ్‌స్కీ రాసిన గ్రంథం సంస్థ పనితీరును పరిశోధకురాలి ఓపికతో నమోదు చేసింది. రెండవదాన్ని చదివితేనే అజ్ఞాతంలో సమష్టి నిర్ణయాలు ఎలా సాధ్యమయ్యాయో తెలుస్తుంది. మొదటిది పాఠకులను ఎక్కువగా చేరడం వల్ల వేలమంది పేరులేని స్త్రీల ఉద్యమం ఒక అమరవీరురాలి కథగా కుదించుకుపోయింది. కవితలో బహువచనం వైపు సాగిన గొంతును జీవితచరిత్ర మళ్లీ ఏకవచనానికి తెచ్చింది.

పేరుతో, ముఖంతో మాట్లాడితే ఏమవుతుందో మలలై జోయా అనుభవం చూపింది. రావా సభ్యురాలు కాకపోయినా ఆమె వాదన రావా వాదనకు సన్నిహితం. 2003 డిసెంబరులో రాజ్యాంగ రచనకై సమావేశమైన లోయా జిర్గాలో యుద్ధనేతలను ఆమె నేరుగా విమర్శించగా సభ గగ్గోలైంది. 2005లో ఫరా రాష్ట్రంనుంచి పార్లమెంటుకు ఎన్నికై, 2007లో సస్పెన్షన్‌కు గురైంది. హత్యాయత్నాల మధ్య ఇళ్లు మారుతూ, ప్రయాణాలకు బుర్ఖానే ఆశ్రయించింది. విముక్తి పొందిందని లోకం చెప్పుకున్న కాబూల్‌లో, ఎన్నికైన ప్రతినిధికి ఆ వస్త్రం అవసరమైంది.

2021 ఆగస్టు 15న తాలిబాన్ తిరిగి కాబూల్ చేరాక ప్రశ్న వస్త్రాన్ని దాటి గొంతు దగ్గరికి వచ్చింది. మొదటి నెలల్లో తిండి, పని, స్వేచ్ఛ కావాలంటూ స్త్రీలు వీధుల్లో ఊరేగారు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులు వారికి మూసుకుపోయాయి. 2024 ఆగస్టులో ప్రకటించిన నైతిక శాసనం స్త్రీ కంఠస్వరాన్ని కూడా బహిరంగంగా వినబడకూడనిదిగా నిర్దేశించింది. ప్రతిగా దేశంలోపలా వెలుపలా ఉన్న అఫ్ఘాన్ స్త్రీలు తాము పాడుతున్న దృశ్యాలను సామాజిక మాధ్యమాల్లో ఉంచారు. దేశంలోపల పాడినవారిలో పలువురు నిలువెల్లా కప్పుకొని, ముఖం కనబడకుండా పాడారు. పేర్లు లేవు, ఊళ్ల జాడ తెలియనివ్వలేదు. ఈ పాటలను రేపు ఏ సంకలనంలో, ఎవరి పేరుమీద చేర్చాలన్నది మజ్రూహ్ లండైలను కాగితం మీద పెట్టినప్పుడు ఎదుర్కొన్న చిక్కే. వాటిని సేకరించే పని ఇంకా మొదలు కావలసే ఉంది.